యూనిటీ సీన్ ఫైల్‌ను ఏఐ ఏజెంట్‌కు నేరుగా ఇవ్వొచ్చా? మధ్యలో వేరే టూల్ కావాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: అనంతపురంలో మీరిద్దరు కలిసి గుత్తి కోట మీద యూనిటీ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో ఒక గేమ్ చేస్తున్నారు. కోడ్‌కు ఏఐ ఏజెంట్ (టూల్స్ తనే వాడుకుంటూ చెప్పిన పని చేసే ఏఐ) సాయం తీసుకుంటున్నారు. స్క్రిప్టుల వరకు బాగానే ఉంది గానీ సీన్ (గేమ్‌లో ఒక చోట ఉండే వస్తువులన్నిటి అమరిక) దగ్గరికి వచ్చేసరికి అది తడబడుతోంది. 'మూడో ద్వారం తలుపు ఎందుకు తెరుచుకోవట్లేదు' అని అడిగితే సీన్‌లో లేని ఆబ్జెక్టుల పేర్లు చెప్తోంది. సీన్ ఫైల్ మొత్తం చదవమంటే సగంలోనే చేతులెత్తేసింది. దీనికి ఏదైనా టూల్ ఉందా, లేక మనమే రాసుకోవాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఫైల్ నేరుగా ఇవ్వకండి. సీన్ గురించి ఏజెంట్ అడిగిన దానికి మాత్రమే చిన్న జవాబు ఇచ్చే టూల్ ఒకటి మధ్యలో పెట్టండి. అది చదవాలి, రాయకూడదు. యూనిటీకి ఇలాంటివి ఓపెన్ సోర్స్‌లో రెడీమేడ్‌గా దొరుకుతాయి. ఎక్కువ భాగం ఎంసీపీ సర్వర్ల రూపంలో ఉంటాయి. ఎంసీపీ అంటే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ బయటపెట్టిన పద్ధతి. ఏజెంట్‌కూ బయటి టూల్‌కూ మధ్య మాటలు ఎలా నడవాలో అది చెప్తుంది, అంతే. అలాంటి సర్వర్ ఒకటి దించుకోండి, కానీ అందులో సీన్‌ను మార్చే కమాండ్లన్నీ మొదట ఆపేయండి. మీ గేమ్‌కు సరిపడే చదివే కమాండ్లు నాలుగైదు మీరే రాసుకున్నా ఒక వారాంతం పని.

మాది కర్నూలులో చిన్న స్టూడియో. కోటలు, గుళ్లు త్రీడీలో నడిచి చూసేలా చేస్తుంటాం. ఏడాదిన్నరగా ఏజెంట్లతో సీన్లు చదివిస్తున్నాం. ఈ జవాబులో ఉన్నవన్నీ అప్పుడు తిన్న దెబ్బలే.

ముందు ఫైల్ ఎందుకు పనికిరాదో చూద్దాం. యూనిటీలో అసెట్ సీరియలైజేషన్ 'ఫోర్స్ టెక్స్ట్'లో ఉంటే సీన్ ఫైల్ యామిల్ అనే పద్ధతిలో టెక్స్ట్‌గా సేవ్ అవుతుంది. టెక్స్టే కదా, ఏజెంట్ చదివేస్తుందిలే అనిపిస్తుంది. ఫైల్ తెరిచి చూడండి. ఒక్కో ముక్కకు పైన ఒక తరగతి నంబర్, ఒక పొడవాటి ఐడీ ఉంటాయి. నంబర్ 1 అంటే గేమ్‌ఆబ్జెక్ట్, 4 అంటే ట్రాన్స్‌ఫార్మ్, 114 అంటే మనం రాసిన స్క్రిప్ట్, 1001 అంటే ప్రిఫ్యాబ్ ఇన్‌స్టన్స్ (ఒకసారి చేసిపెట్టుకున్న అచ్చు నుంచి తీసిన నకలు). ఒక తలుపు తీసుకుంటే దాని పేరు ఒక ముక్కలో, అది ఎక్కడుందన్నది ఇంకో ముక్కలో, దాని స్క్రిప్ట్ మూడో ముక్కలో ఉంటాయి. ఈ మూడూ పక్కపక్కనే ఉండాలని రూలేమీ లేదు. స్క్రిప్ట్ ముక్కలో స్క్రిప్ట్ పేరు కూడా ఉండదు, 32 అక్షరాల గైడ్ (GUID, ఫైల్‌కు యూనిటీ ఇచ్చే గుర్తింపు కోడ్) ఒకటి ఉంటుంది. అది ఏ స్క్రిప్టో తెలియాలంటే ప్రాజెక్ట్‌లోని మెటా ఫైళ్లన్నీ వెతకాలి.

మన పొలాల లెక్కలాంటిదే ఇది. సర్వే నంబర్ ఒక్కటే చేతికిచ్చి చేను చూపించమంటే ఎవరు చూపిస్తారు? అడంగల్‌లో పేరు చూడాలి, ఎఫ్ఎంబీ అనే కొలతల పుస్తకంలో హద్దులు చూడాలి. ఏజెంట్‌కు మీరిచ్చింది సర్వే నంబర్ల చిట్టా. అది తెలివైనదే గానీ ఊరు చూడలేదు, అందుకే ఊహించి చెప్తోంది.

ఇంకో చిక్కు. స్క్రిప్ట్ ముక్కల్లో గైడ్ పక్కనే 11500000 అనే నంబర్ ఉంటుంది. మామూలు సీ షార్ప్ స్క్రిప్టులన్నిటికీ అదే నంబర్. మా ఏజెంట్ ఒకసారి అది చూసి 'ఈ ఇరవై ఆబ్జెక్టులకూ ఒకే స్క్రిప్ట్ తగిలించారు' అని ధైర్యంగా రిపోర్ట్ రాసింది. మా ఇంటర్న్ కుర్రాడు అది నమ్మి పొద్దంతా వెతికాడు పాపం.

లొకేషన్ విషయంలో పడ్డ తిప్పలు చెప్పాలంటే కొండారెడ్డి బురుజు సీనే గుర్తొస్తుంది. పై అంతస్తులో ఒక దీపం ఉండేది. దాని పక్కనే ఇంకోటి పెట్టమన్నాం. ఏజెంట్ ఫైల్ చదివింది, దీపం ఎత్తు 450 అని చూసింది, కొత్త దీపాన్ని సరిగ్గా 450 ఎత్తులో పెట్టింది. ప్లే నొక్కితే దీపం లేదు. లైట్ సెట్టింగ్స్ చూశాం, మెటీరియల్ చూశాం, బేక్ మళ్లీ చేశాం. చివరికి సీన్ వ్యూలో బాగా వెనక్కి జూమ్ చేస్తే బురుజు అగ్గిపెట్టెంత అయ్యాక పైన చుక్కలా కనిపించింది. సంగతేమిటంటే మొదటి దీపం ఉన్న పేరెంట్ (దాన్ని తన కింద ఉంచుకున్న పై ఆబ్జెక్ట్) స్కేల్ 0.01. అంటే దాని 450 అసలుకు నాలుగున్నర మీటర్లు. కొత్త దీపాన్ని ఏజెంట్ ఏ పేరెంట్ కిందా పెట్టలేదు, కాబట్టి దాని 450 నిజంగానే 450 మీటర్లు.

ఫైల్‌లో ఉండేది లోకల్ పొజిషన్. 'రామన్న చేనికి తూర్పున పది గజాలు' అన్నట్టు. రామన్న చేను ఎక్కడుందో తెలియకపోతే ఆ పది గజాలతో పనేముంది? అందుకే టూల్ ఎప్పుడూ వరల్డ్ పొజిషన్ లెక్కగట్టి ఇవ్వాలి, అదీ మీటర్లలో. తిరుగుడు విషయమూ అంతే. ఫైల్‌లో క్వాటర్నియన్‌గా నాలుగు అంకెలుంటాయి. వాటిని డిగ్రీల్లోకి మార్చి ఇస్తే ఏజెంట్ తప్పులు సగానికి సగం తగ్గాయి మాకు.

ఆన్, ఆఫ్ సంగతీ ఇలాంటిదే. ఆబ్జెక్ట్ తనంతట తాను ఆన్‌లో ఉండొచ్చు, పైనున్న పేరెంట్ ఆఫ్‌లో ఉంటే మాత్రం అది కనిపించదు. ఫైల్‌లో ఆ ముక్క ఒక్కటే చదివితే ఆన్ అనే ఉంటుంది. టూల్ రెండూ చెప్పాలి.

ఇక ప్రిఫ్యాబ్‌లు. గండికోటలో మాధవరాయ స్వామి గుడి మండపం చేశాం. స్తంభం ఒక్కటి మోడల్ చేసి ప్రిఫ్యాబ్‌గా పెట్టి వరసగా నిలబెట్టాం. స్తంభాలకు కొలైడర్ (ఢీకొంటే ఆపే కనిపించని హద్దు) ఉందో లేదో చూడమని ఏజెంట్‌ను అడిగితే 'ఒక్కదానికీ లేదు' అంది. నిజమే, సీన్ ఫైల్‌లో లేదు. సీన్‌లో ఉండేది 'ఫలానా ప్రిఫ్యాబ్, దానిమీద ఈ మార్పులు' అన్న చీటీ మాత్రమే. కొలైడర్ ప్రిఫ్యాబ్ ఫైల్‌లో ఉంది. ఏజెంట్ ఉత్సాహంగా అన్నిటికీ ఇంకో కొలైడర్ తగిలించేసింది. ఆ రోజే మేం మార్చే కమాండ్లన్నీ పీకేశాం.

ఇవన్నీ విన్నాక టూల్ ఎలా ఉండాలో మీకే అర్థమై ఉంటుంది. మాది ఇప్పుడు ఎలా జవాబిస్తుందో ఒక నమూనా చూపిస్తాను. ముందు ఏజెంట్ చెట్టు అడుగుతుంది, రెండు మెట్ల లోతు వరకు:

కోట — ఆన్, పిల్లలు 616
— ముఖద్వారం [12] — ఆన్, పిల్లలు 3
— ధాన్యాగారం [31] — ఆన్, పిల్లలు 9
— రాయి × 612 — ప్రిఫ్యాబ్: బండరాయి
— పాత లైట్లు [88] — ఆఫ్, పిల్లలు 14
— యూఐ [90] — ఆన్, పిల్లలు 6

తర్వాత 12 గురించి వివరం కావాలంటే ఆ ఒక్కదాని గురించే అడుగుతుంది. అప్పుడు కాంపొనెంట్లు, స్క్రిప్ట్ పేర్లు, ఇన్‌స్పెక్టర్‌లో (ఎడిటర్‌లో ఆబ్జెక్ట్ వివరాలు కనిపించే ప్యానెల్‌లో) నింపిన విలువలు, ఖాళీగా వదిలేసిన ఫీల్డులు వస్తాయి. 'రాయి × 612' అన్న లైన్ చూడండి. ఒకే ప్రిఫ్యాబ్ నుంచి వచ్చిన తోబుట్టువులను ఒకే లైన్‌లో కుదించడం. ఇంత చిన్న పనికి మా జవాబుల సైజు ఎంత తగ్గిందంటే, మిగతా తెలివితేటలన్నీ కలిపినా అంత తగ్గలేదు. మీది గుత్తి కోట, అంతా బండలే కదా, మీకు ఇది మరీ అవసరం.

మేం ఎక్కువగా వాడే కమాండ్లు: చెట్టు, ఒక ఆబ్జెక్ట్ వివరం, పేరుతోనో కాంపొనెంట్‌తోనో వెతకడం, 'దీన్ని ఎవరు వాడుతున్నారు' అన్న వెనక్కి వెతుకులాట, తెగిపోయిన లింకుల జాబితా. చివరి రెండూ బంగారం.

ఒక ఉదాహరణ చెప్తాను. మా యూఐలో 'మ్యాప్' బటన్ ఒక రోజు పనిచేయడం మానేసింది. కంపైల్ ఎర్రర్ లేదు. యూనిటీలో బటన్ నొక్కితే ఏ మెథడ్ (స్క్రిప్ట్‌లో ఒక పని చేసే కోడ్ ముక్క) పిలవాలో ఇన్‌స్పెక్టర్‌లో పెడతాం కదా, అది సీన్‌లో మెథడ్ పేరుగా, ఉత్త టెక్స్ట్‌గా సేవ్ అవుతుంది. మాలో ఒకరు స్క్రిప్ట్‌లో మెథడ్ పేరు మార్చారు. సీన్‌లో పాత పేరే మిగిలింది. కోడ్ మాత్రమే చదివే ఏజెంట్‌కు ఇది జన్మలో దొరకదు. తెగిన లింకుల కమాండ్ 'మ్యాప్ బటన్: ఓపెన్‌మ్యాప్ అనే మెథడ్ స్క్రిప్ట్‌లో లేదు' అని ఒక్క లైన్‌లో చెప్పింది. ఈ ఒక్క కమాండ్ కోసమైనా టూల్ రాసుకోవచ్చు అంటాను నేను.

సరే, టూల్ ఎక్కడ కూర్చోవాలి? బయట ఉండి ఫైల్ చదవాలా, ఎడిటర్ లోపల ఉండి యూనిటీనే అడగాలా? మా మొదటి వెర్షన్ బయటిది, జావాస్క్రిప్ట్‌లో రాశాం. అది రెండు చోట్ల కాలు విరగ్గొట్టుకుంది.

ఒకటి, యూనిటీ యామిల్ పూర్తి యామిల్ కాదు. ప్రిఫ్యాబ్ నుంచి వచ్చిన ముక్కల తలకట్టులో 'స్ట్రిప్డ్' అన్న మాట అదనంగా ఉంటుంది, ఫైల్‌ను చదివి విడగొట్టే మామూలు పార్సర్లు అక్కడ తన్నేస్తాయి. తలకట్టు లైన్లను మనమే విడగొట్టుకుని, లోపలి భాగాన్ని మాత్రం పార్సర్‌కు ఇవ్వాలి.

రెండోది పట్టుకోవడానికి మాకు మూడు రోజులు పట్టింది. చెట్టులో అక్కడక్కడా ఆబ్జెక్టులు మాయమయ్యేవి. ఒకసారి ధాన్యాగారం తలుపు వెళ్లి యూఐ కింద పిల్లగా కూర్చుంది. ఎందుకో అర్థం కాలేదు. ఐడీలు ప్రింట్ చేసి ఒక్కొక్కటీ వేలు పెట్టి పోల్చుకుంటూ పోతే, ఫైల్‌లో 19 అంకెల ఐడీ చివర 347 అని ఉంటే మా దగ్గర మూడు సున్నాలున్నాయి. జావాస్క్రిప్ట్ మామూలు నంబర్ 9007199254740991 వరకే పూర్ణాంకాలను కచ్చితంగా పట్టుకుంటుంది. యూనిటీ ఫైల్ ఐడీలు 64 బిట్లవి, అంతకన్నా పెద్దవి సర్వసాధారణం. చివరి అంకెలు గుండ్రంగా మారి రెండు వేర్వేరు ఆబ్జెక్టులు ఒకటైపోయేవి. ఐడీలను ఎప్పుడూ టెక్స్ట్‌గానే ఉంచండి, నంబర్‌గా మార్చకండి. టూల్ నుంచి ఏజెంట్‌కు జేసన్ అనే టెక్స్ట్ రూపంలో వెళ్లే డేటాలో కూడా కొటేషన్ల మధ్యే ఉండాలి. ఆ మాటకొస్తే ఏజెంట్‌కు 19 అంకెలు చూపించడమే దండగ, కాపీ చేసేటప్పుడు ఒక అంకె జారుతుంది. పైన నమూనాలో చూశారుగా, 12, 31 అని చిన్న నంబర్లు ఇస్తాం. దేనికి ఏ అసలు ఐడీ అన్న పట్టిక టూల్ దగ్గరే ఉంటుంది.

రెండో వెర్షన్ ఎడిటర్ లోపల రాశాం. ప్రిఫ్యాబ్‌లు, వరల్డ్ పొజిషన్, గైడ్ నుంచి స్క్రిప్ట్ పేరు, ఇవన్నీ యూనిటీయే చెప్పేస్తుంది, మనం లెక్కగట్టే పనే లేదు. పైగా సేవ్ చేయని మార్పులు కూడా కనిపిస్తాయి. బయటి టూల్‌తో ఇదొక పీడ: మీరు తలుపు జరిపి సేవ్ చేయడం మర్చిపోతారు, ఏజెంట్ పాత చోటు చెప్తుంది, ఇద్దరూ ఒకరినొకరు అనుమానిస్తారు. ప్లే మోడ్‌లో పుట్టే ఆబ్జెక్టులు ఫైల్‌లో ఎలాగూ ఉండవు.

కాబట్టి మీకైతే ఎడిటర్ లోపలిదే మొదలుపెట్టమంటాను. అక్కడా చిక్కులు లేకపోలేదు. యూనిటీ ఏపీఐలను (కోడ్ నుంచి యూనిటీని అడిగే కమాండ్లను) మెయిన్ థ్రెడ్ నుంచే, అంటే ఎడిటర్ ప్రధానంగా నడిచే వరస నుంచే పిలవాలి. సాకెట్ థ్రెడ్‌కు ప్రశ్న రాగానే అక్కడే సీన్ ముట్టుకుంటే ఎర్రర్ వస్తుంది. ప్రశ్నను క్యూలో పెట్టి, ఎడిటర్ అప్‌డేట్‌లో జవాబివ్వాలి. రెండోది, స్క్రిప్ట్ మార్చిన ప్రతిసారీ యూనిటీ డొమైన్ రీలోడ్ (స్క్రిప్టులన్నీ మళ్లీ లోడ్ చేయడం) చేస్తుంది, మీ సర్వర్ కనెక్షన్ అప్పుడు తెగిపోతుంది. ఏజెంట్ పనే స్క్రిప్టులు మార్చడం, అంటే తన కొమ్మను తనే నరుక్కుంటూ ఉంటుంది. కనెక్షన్‌ను బయట వేరే చిన్న ప్రాసెస్ పట్టుకుని ఉండాలి, ఎడిటర్ రీలోడ్ అయ్యాక మళ్లీ దానికి తగులుకోవాలి. ఆ మధ్యలో వచ్చిన ప్రశ్నకు 'కంపైల్ అవుతోంది, కాసేపాగి అడుగు' అని జవాబిస్తే ఏజెంట్ బుద్ధిగా ఆగుతుంది. ఏమీ చెప్పకపోతే అదే ప్రశ్న పదిసార్లు వేస్తుంది. ఇంకోటి, పట్టికలో ఇన్‌స్టన్స్ ఐడీ దాచుకోకండి, ఎడిటర్ మూసి తెరిస్తే మారిపోతుంది. గ్లోబల్ ఆబ్జెక్ట్ ఐడీ వాడండి.

బయటి పార్సర్‌ను మేం పారేయలేదు. గిట్‌లో ఎవరైనా సీన్ మార్చి పంపితే పాత చెట్టుకూ కొత్త చెట్టుకూ తేడా చూపించడానికి పనికొస్తోంది.

యూనిటీ లాంటివే అయిన గోడో, అన్‌రియల్ గురించి కింద ఇంకొకరు అడిగారు కాబట్టి రెండు మాటలు. గోడో సీన్ ఫైల్ మనిషి కూడా చదవగలడు: నోడ్ పేరు, రకం, పేరెంట్ దారి ఒకే లైన్‌లో ఉంటాయి, సిగ్నల్ కనెక్షన్లు చివర్లో వరసగా ఉంటాయి. చిన్న సీన్ అయితే ఫైల్ నేరుగా ఇచ్చినా నడుస్తుంది. డీఫాల్ట్‌గా ఉన్న విలువలు ఫైల్‌లో రాయదన్నది మాత్రం ఏజెంట్‌కు ముందే చెప్పాలి, లేకపోతే 'ఈ ప్రాపర్టీ సెట్ చేయలేదు' అంటుంది. అన్‌రియల్ లెవల్ ఫైళ్లు బైనరీ, బయటినుంచి చదివే ఆశ పెట్టుకోకండి, ఎడిటర్ పైథాన్ ప్లగిన్ ద్వారా అడగడమే. అక్కడ కొలతలు సెంటీమీటర్లలో, పైదిక్కు జెడ్. యూనిటీలో మీటర్లు, పైదిక్కు వై. ఈ ఒక్క ముక్క టూల్ జవాబులోనే రాసి పంపితే ఏజెంట్ గందరగోళపడదు.

పేర్ల గురించి ఎవరూ చెప్పరు గానీ మనవాళ్లకు ఇది పెద్ద సమస్య. మా సీన్‌లో బావిని ఒకరు ఇంగ్లిష్‌లో 'వెల్' అని పెట్టారు, ఇంకొకరు తెలుగు మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో రాశారు. అందులోనూ ఒకరు ఒక 'ఏ' పెడితే మరొకరు రెండు 'ఏ'లు పెట్టారు. ఏజెంట్ 'వెల్' అని వెతికి 'ఒక్క బావే ఉంది' అంది. ఉన్నవి నాలుగు. ఇప్పుడు ప్రాజెక్ట్‌లో ఒక చిన్న పదాల పట్టిక పెట్టాం: బావి, బురుజు, మండపం, ద్వారం ఏయే స్పెల్లింగ్‌లలో ఉండొచ్చో రాసుంటుంది. వెతికే కమాండ్ ముందు దాన్ని చూస్తుంది. ఏమీ దొరకకపోతే 'లేదు' అని ఊరుకోకుండా దగ్గరి పేర్లు మూడు చూపిస్తుంది. యూనిటీలో ఒకే పేరెంట్ కింద ఒకే పేరుతో ఎన్ని ఆబ్జెక్టులైనా ఉండొచ్చన్నది కూడా మర్చిపోకండి. పేరు చెప్పగానే ఒకటే తిరిగిస్తే ఏజెంట్ అదే ఒక్కటీ అనుకుంటుంది.

ఒక జాగ్రత్త. ఇన్‌స్పెక్టర్ ఫీల్డుల్లో ఏముందో టూల్ అంతా బయటి మోడల్‌కు పంపుతుంది. ఒక క్లయింట్ ఇచ్చిన ప్రాజెక్ట్‌లో వాళ్ల సర్వర్ కీ నేరుగా ఒక ఫీల్డ్‌లో అతికించి ఉంది. మేం లాగ్ చూసేసరికి అది జవాబులో వెళ్లిపోయింది. కీ మార్పించేదాకా టెన్షనే. ఇప్పుడు కీ, టోకెన్, పాస్‌వర్డ్ లాంటి పేర్లున్న ఫీల్డుల విలువ పంపం, 'దాచబడింది' అని మాత్రమే పంపుతాం.

సీన్‌ను మార్చే పని ఏజెంట్‌కు ఎప్పుడిస్తాం అంటే, మేం ఇప్పటికీ పూర్తిగా ఇవ్వలేదు. అది 'ఫలానాది ఇలా జరపండి' అని రాస్తుంది, మేం చూసి చేస్తాం. తప్పనిసరైతే ఎడిటర్ లోపలినుంచే, అన్‌డూలో రికార్డ్ అయ్యేలా. ఎడిటర్ తెరిచి ఉండగా ఫైల్‌లో నేరుగా రాయనివ్వడం మాత్రం వద్దే వద్దు, దాని మార్పులో మీ మార్పులో ఏదో ఒకటి పోతుంది.

టూల్ తయారయ్యాక నమ్మే ముందు మీకు జవాబు తెలిసిన మూడు ప్రశ్నలు అడగండి. ఏదో ఒక ప్రిఫ్యాబ్ లోపలున్న కొలైడర్ గురించి ఒకటి. స్కేల్ మారిన పేరెంట్ కింద ఉన్న వస్తువు ఎత్తు ఎంత అని ఒకటి. మూడోది లేని వస్తువు గురించి: 'కోటలో లిఫ్ట్ ఎక్కడుంది' అని అడగండి. లిఫ్ట్ ఫలానా చోట ఉందని చెప్తే అది టూల్‌ను పిలవకుండా సొంతంగా అల్లుతోందన్నమాట. మేం అడిగినప్పుడు మొదటి వెర్షన్‌తో ఏజెంట్ బురుజులో లిఫ్ట్ కట్టేసింది.

మీ మూడో ద్వారం విషయానికొస్తే, చూడకుండా చెప్పడం కష్టం. అయినా మొదట తలుపు పైనున్న పేరెంట్లన్నీ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. తర్వాత తలుపు స్క్రిప్ట్‌లో ఏదైనా రెఫరెన్స్ ఖాళీగా ఉందేమో చూడండి, ఫైల్‌లో అది ఫైల్ ఐడీ 0 అని కనిపిస్తుంది. మొదటి రెండు ద్వారాల నుంచి మూడోదాన్ని డూప్లికేట్ చేసి ఉంటే, దాని ట్రిగ్గర్ ఇంకా మొదటి ద్వారం తలుపునే చూపిస్తోందేమో అన్నది నా అనుమానం. ఆ ద్వారం ఒక్కదాని చెట్టు, వివరం ఇక్కడ అతికించండి, రాత్రికి చూసి చెప్తాను.